రాత్రంతా ఉడికే ఫూల్

ఈజిప్టు వాళ్ల టిఫిన్ ముందురోజు రాత్రే పొయ్యెక్కుతుంది. ఫావా అనే చిక్కుడు జాతి ఎండు గింజల్ని నానబెట్టి, పొట్ట లావుగా మెడ సన్నగా ఉండే ఖిద్రా అనే పాత్రలో పోసి, చిరుమంట మీద తెల్లారేదాకా వదిలేస్తారు. చాలామంది గుప్పెడు ఎర్ర కందిపప్పు (మసూర్) కూడా వేస్తారు, చిక్కదనం కోసం. పొద్దున్నే పొడవాటి గరిటెను ఆ మెడలోంచి దూర్చి గింజలు తీసి, జీలకర్ర పొడి, నిమ్మరసం, నూనె కలిపి, కాస్త మెదిపి రొట్టెతో తింటారు. ఇదే ఫూల్ ముదమ్మస్. కలవారూ తింటారు, కూలికి వెళ్లేవారూ తింటారు.

పాతకాలపు కైరోలో ఈ రాత్రి కాపలా పని హమ్మాములనే ఊరి స్నానశాలలు చూసుకునేవి. స్నానాలకు నీళ్లు కాచే కొలిమిలో ఊరి చెత్తే ఇంధనం. మంట తగ్గాక మిగిలిన నిప్పుల్లో, వేడి బూడిదలో ఫూల్ పాత్రల్ని పాతిపెట్టేవారు. విడిగా కట్టెలు కొనే పనే లేదు. ఇంత పొదుపైన వంటశాల ఇంకోటి ఉంటుందా అనిపిస్తుంది నాకు.

మంట పెంచి గంటలో దించేస్తే పోలేదా? పోదు. నీళ్లు తెర్లితే గింజలు ఒకదానికొకటి కొట్టుకుని తొక్క చిట్లుతుంది. పైన గుజ్జైపోయినా లోపల పలుకు అలాగే ఉంటుంది. సన్నని సెగలో వేడి గింజ మధ్యదాకా నిదానంగా చేరుతుంది. కణాల్ని అంటించి ఉంచే పెక్టిన్ అనే జిగురు కరిగి, పిండిపదార్థం నీరు పీల్చి ఉబ్బుతుంది. తొక్క చెక్కుచెదరకుండానే లోపల వెన్నలా అవుతుంది. సన్నని మెడ వల్ల ఆవిరి చల్లబడి మళ్లీ లోపలికే జారుతుంది, కాబట్టి అర్ధరాత్రి లేచి నీళ్లు పోయక్కర్లేదు.

బోరు నీళ్లలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదని మన ఇళ్లలో అందరికీ తెలుసు. ఆ నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పెక్టిన్‌ను బిగించేస్తాయి. ఫూల్‌దీ అదే తంటా. పైగా పాతబడిన గింజైతే నీళ్లు మంచివైనా మొండికేస్తుంది. గింజలోని ఫైటిక్ ఆమ్లం ఆ లోహాల్ని తన దగ్గర అట్టిపెట్టుకుంటుంది. వేడిలో, తేమలో చాలాకాలం నిల్వ ఉంచితే ఆ ఆమ్లం విరిగిపోతుంది, విడుదలైన లోహాలు పెక్టిన్‌కు చుట్టుకుంటాయి. చిటికెడు వంటసోడా వేస్తే మెత్తబడుతుంది గానీ బీ1 విటమిన్ దెబ్బతింటుంది. ఓపిక ఉంటే రాత్రంతా ఉడికించడమే మేలు.

ఇంత ఇష్టంగా తినే గింజ కొందరికి మాత్రం ప్రమాదం. ఇందులోని వైసిన్, కన్‌వైసిన్ అనే పదార్థాలు పేగుల్లో మారిపోయి, రక్తంలో చేరి, ఎర్రకణాల మీద ఆక్సీకరణ దాడి చేస్తాయి. దాన్ని తట్టుకోవడానికి ఆ కణాలకు జీ6పీడీ అనే ఎంజైమే దిక్కు. అది తక్కువగా ఉన్నవాళ్లలో ఒకటి రెండు రోజుల్లోనే కణాలు పగిలి, కళ్లు పచ్చబడి, మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది. సంబంధిత జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లలకు అది ఒక్కటే కాబట్టి వాళ్లలో ఎక్కువ. వసంతంలో పచ్చి కాయలు తినేటప్పుడు మరీ భయం. ఉడికిస్తే ఆ పదార్థాలు కొంత తగ్గుతాయి, పూర్తిగా పోవు.

ప్రపంచంలో సుమారు 40 కోట్ల మందికి ఈ లోపం ఉంది. మలేరియా నుంచి కొంత రక్షణ ఇస్తుంది కాబట్టే ఇది ఇంతమందిలో నిలిచిందని శాస్త్రజ్ఞుల అంచనా. విచిత్రమేమిటంటే, దీన్ని 1956లో కనిపెట్టింది ఫావా వల్ల కాదు, ప్రిమాక్విన్ అనే మలేరియా మందు కొందరికి ఎందుకు పడటం లేదని వెతుకుతూ. మన మన్యంలోనూ వైవాక్స్ అనే రకం మలేరియాకు ఆ మాత్రే ఇస్తారు. అందుకే జీ6పీడీ సంగతి వైజాగ్ డాక్టరుకూ కైరో డాక్టరుకూ ఒకేలా అవసరం.

ఇంతా చేసి ఈజిప్టు తనకు కావాల్సిన ఫావాను తాను పండించుకోలేకపోతోంది. నైలు పొలాల్లో హాలూక్ అనే కలుపు దీని వేర్లకు అతుక్కుని రసం పీల్చేస్తుంది. మన పొగాకు రైతులు పొగాకు మల్లె అని తిట్టుకునేది దీని చుట్టమే. దాని విత్తనం ఏళ్లతరబడి మట్టిలో నిద్రపోయి, పంట వేర్ల నుంచి వచ్చే రసాయనం తగిలినప్పుడే మొలుస్తుంది. దీనికి తోడు 1991-92లో ఒక వైరస్ మధ్య ఈజిప్టు పంటను తుడిచిపెట్టింది. ఇప్పుడు ఎక్కువ భాగం ఆస్ట్రేలియా, ఐరోపా దేశాల నుంచి ఓడల్లో దిగుతోంది. బ్రిటన్ రైతు పండించిన దాంట్లో పెంకు పురుగు తొలిచిన గింజ పశువుల దాణాకు పోతుంది. చిల్లు పడని నున్నటి గింజకే ఈజిప్టు మార్కెట్లో మంచి ధర.