గేమింగ్‌కి చిన్న కంప్యూటర్ కొనేముందు వాట్లు లెక్కపెట్టండి

పోయిన మే నెలలో మా తమ్ముడి కొడుకు ఫోన్ చేశాడు. కొత్తగా అసెంబుల్ చేయించుకున్న చిన్న కంప్యూటర్‌లో గేమ్ పావుగంట బాగా నడిచి ఆ తర్వాత ఆగి ఆగి వస్తోందట, "గ్రాఫిక్స్ కార్డ్ పోయిందేమో పెదనాన్నా" అని తెగ టెన్షన్ పడుతున్నాడు. విజయవాడలో వాళ్లింటికి వెళ్లి చూస్తే కేబినెట్ టీవీ స్టాండ్ కింది అరలో ఉంది, అటూ ఇటూ పైనా చెక్క, వెనక గోడ. అరలోకి చెయ్యి పెడితే పొయ్యి మీది పెనం దగ్గర పెట్టినట్టు సెగ. బయటికి లాగి టేబుల్ మీద, గోడకి జానెడు దూరంలో పెట్టాం. అదే గేమ్, అవే సెట్టింగులు, గంటన్నర ఆడాడు, ఎక్కడా ఆగలేదు. ఏ భాగమూ పోలేదు, దానికి గాలి ఆడలేదు, అంతే.

చిన్న డెస్క్‌టాప్ కొనాలనుకునేవాళ్లు ఏ ప్రాసెసర్, ఎన్ని జీబీలు అని మొదలుపెడతారు. నేనైతే ముందు వాట్లు అడుగుతాను. కంప్యూటర్ లాగిన కరెంటు దాదాపు మొత్తం వేడిగా మారి బయటికి రావాల్సిందే. గేమ్ ఆడేటప్పుడు 300 వాట్లు లాగుతోందంటే పాతకాలపు వంద వాట్ల బల్బులు మూడు ఆ డబ్బాలో వెలుగుతున్నట్టే లెక్క. మామూలు టవర్ కేబినెట్ 40, 50 లీటర్లుంటుంది, అంటే మన ఇళ్లకొచ్చే 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్లు రెండు పక్కపక్కన పెట్టినంత. చిన్న కేబినెట్ అంటే ఒక్క క్యానంత, లేదా అందులో సగం. లీటర్లు తగ్గాయి గానీ బల్బులు తగ్గలేదు.

ఇంకోటి, మన ఎండలు. కూలర్ ఎంత మంచిదైనా ప్రాసెసర్‌ని గది కంటే చల్లగా చేయలేదు, గది ఉష్ణోగ్రత మీద ఇన్ని డిగ్రీలు ఎక్కువ అని ఉంటుంది, ఆ తేడా సుమారుగా అలాగే ఉండిపోతుంది. 22 డిగ్రీల గదిలో రివ్యూ చేసినాయన 80 డిగ్రీలు వచ్చిందంటే, ఏసీ లేని మన 38 డిగ్రీల గదిలో అది 96 దాకా వెళ్లాలి. ఏఎండీ కంపెనీ రైజెన్ 7000 రకం ప్రాసెసర్లలో చాలావాటికి హద్దు 95 డిగ్రీలు. హద్దు తగలగానే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. గ్రాఫిక్స్ కార్డూ అంతే, మావాడి గేమ్ ఆగింది ఇలాగే. కాబట్టి రివ్యూ చూసేటప్పుడు సెకనుకి ఎన్ని ఫ్రేములు (తెర మీది బొమ్మలు) వచ్చాయన్న దానికంటే ముందు ఆ గది ఎంత చల్లగా ఉందో వెతకండి.

వేడి తగ్గించడానికి డబ్బు ఖర్చులేని దారి ఒకటుంది, చిప్ వోల్టేజి, వేగం కాస్త తగ్గించుకోవడం, దాన్ని చాలామంది వాడుకోరు. చిప్ లోపల ట్రాన్సిస్టర్లు మారేటప్పుడు అయ్యే కరెంటు ఖర్చు వోల్టేజిని వోల్టేజితోనే గుణిస్తే వచ్చేదాన్ని బట్టి, దానికి తోడు వేగాన్ని బట్టి పెరుగుతుంది. వోల్టేజి, వేగం రెండూ పదేసి శాతం తగ్గిస్తే 0.9ని మూడుసార్లు గుణించినట్టు, అంటే సుమారు 0.73. వేగం పోయింది పదో వంతు, ఈ ఖర్చులో తగ్గింది పావు వంతు పైనే! ఏఎండీ 7700ఎక్స్ 105 వాట్లది, ఎక్స్ లేని 7700 65 వాట్లది, రెంటికీ కోర్లు ఎనిమిదే, గేముల్లో తేడా చాలా స్వల్పం. చిన్న డబ్బాకి రెండోదే సరైనది అని నా గట్టి నమ్మకం. గ్రాఫిక్స్ కార్డులోనూ ఇదే చూపు: ఆర్‌టీఎక్స్ 4060 115 వాట్లతో సరిపెట్టుకుంటుంది, 4090కి 450 కావాలి.

గేములు అప్పుడప్పుడే, ఎక్కువగా బ్రౌజింగ్, ఆఫీసు పని, పిల్లల క్లాసులు అనుకుంటే విడిగా కార్డే వద్దు. అర లీటరు పాల ప్యాకెట్ కంటే కాస్త పెద్దగా ఉండే మినీ పీసీలు ఇప్పుడు రేడియాన్ 780ఎమ్ లాంటి లోపలి గ్రాఫిక్స్‌తో వస్తున్నాయి, సెట్టింగులు తగ్గించుకుంటే 1080పీలో చాలా గేములు నడుస్తాయి. కానీ ఇక్కడ ఒక మోసం జరుగుతుంది. ఈ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ ఉండదు, మామూలు ర్యామ్‌నే పంచుకుంటుంది. డీడీఆర్5-5600 రకం ర్యామ్ స్టిక్కులు రెండుంటే సెకనుకి 89.6 జీబీ సమాచారం అందుతుంది, ఒకటే ఉంటే అందులో సగం. ఆర్‌టీఎక్స్ 4060కి తన సొంత మెమరీ నుంచి సెకనుకి 272 జీబీ అందుతుంది, పోల్చి చూడండి. మోటారు ఎంత పెద్దది బిగించినా అరంగుళం పైపు వేస్తే ట్యాంకు నిండదు కదా. అయినా 16 జీబీ అని రాసి ఒకే స్టిక్ పెట్టి అమ్మేవాళ్లున్నారు. అవే 16 జీబీ రెండు ఎనిమిదులుగా అడగండి.

సికింద్రాబాద్‌లో సీటీసీ అనే కంప్యూటర్ల మార్కెట్ లాంటి చోట్ల ఆఫీసుల నుంచి వచ్చిన పాత చిన్న డెస్క్‌టాప్‌లు చవగ్గా దొరుకుతాయి. రోజువారీ పనికి అవి బంగారం. గేముల కోసమైతే కార్డ్ స్లాట్ ఉన్న మోడలే చూసుకుని, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే పెట్టె) నుంచి విడిగా వైరు అక్కర్లేని 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డ్, అందులోనూ ఎత్తు తక్కువ రకం వెతకాలి, మామూలు ఎత్తు కార్డ్ అందులో పట్టదు.

అసెంబుల్ చేయించుకునేవాళ్లకి మినీ-ఐటీఎక్స్ అనే చిన్న మదర్‌బోర్డు, 17 సెంటీమీటర్ల చదరం. వియా కంపెనీ 2001లో తెచ్చిన కొలత, నేటికీ మారలేదు. ఎస్‌ఎంపీఎస్ చాలా కేబినెట్లలో ఎస్ఎఫ్ఎక్స్ అనే చిన్న సైజు రకమే పడుతుంది, పాత టవర్‌లోది తీసి పెడదామంటే కుదరదు. కార్డ్ పొడవు, కూలర్ ఎత్తు మిల్లీమీటర్లలో కాగితం మీద రాసుకుని షాపుకి వెళ్లండి, రెండు మిల్లీమీటర్ల తేడాకి మూత మూసుకోని డబ్బా నేను చూశాను.

ఇంటికి తెచ్చాక టిష్యూ పేపర్ ముక్క చించి కేబినెట్ చుట్టూ జాలీల దగ్గర పట్టుకుని చూడండి. గాలి లోపలికి పోయే చోట జాలీకి అతుక్కుంటుంది, బయటికొచ్చే చోట రెపరెపలాడుతుంది. అంటుకున్న చోటుకి ఎదురుగా గోడా కర్టెనూ ఉండకూడదు, రెపరెపలాడిన చోటి వేడిగాలి తిరిగి లోపలికి వెళ్లకూడదు. మావాడు అలా చూసుకునే టేబుల్ మీద చోటు ఖాయం చేసుకున్నాడు. మొన్న వెళ్తే పెయింట్ బ్రష్‌తో ఫిల్టర్ దులుపుతున్నాడు, నెల తిరక్కుండానే దూదిపొరలా ఊడొచ్చింది దుమ్ము.