గోధుమ నిలవని వరంగల్‌లో పొట్టి వరి కథ

షుగర్ ఉన్న ఇంట్లో రాత్రికి చపాతీ తప్పదు. వరంగల్‌లో ఆ పిండి మాత్రం బయటి రాష్ట్రాల గోధుమదే. యాసంగికి వరి మానుకొమ్మన్నప్పుడల్లా ‘గోధుమ వేయొచ్చుగా’ అనే మాట లేస్తుంది. నీళ్లుంటే సరిపోదు. గింజ పాలు పోసుకునేటప్పుడు గోధుమకు చల్లదనం కావాలి. ఇక్కడ ఫిబ్రవరికే ఎండ ముదిరి గింజ నొక్కులు పడుతుంది.

అయినా గోధుమను మార్చిన ఆలోచనే మన వరినీ మార్చింది. పాత గోధుమలు పొడుగు. యూరియా వేస్తే ఏపుగా పెరిగి, వెన్ను బరువుకు చేను పడిపోయేది. జపాన్‌లో గోంజిరో ఇనాజుకా తయారుచేసి, 1935లో విడుదలైన నోరిన్-10 పొట్టి రకం. దాని విత్తనం 1946లో అమెరికా చేరింది, అక్కడి నుంచి మెక్సికోలో పనిచేస్తున్న గోధుమ శాస్త్రవేత్త నార్మన్ బోర్లాగ్ చేతికి వచ్చింది. 1963లో ఆయన మన దేశానికొచ్చారు. 1966లో మెక్సికో నుంచి 18,000 టన్నుల పొట్టి గోధుమ విత్తనం దిగుమతైంది. ఆ గింజ ఎర్రన, మనవాళ్లకు నచ్చలేదు. అందుకే మన శాస్త్రవేత్తలు లేత పసుపు గింజ కల్యాణ్ సోనా, సోనాలికాలను ఎంపిక చేశారు. పంజాబ్ దశ తిరిగింది.

వరిలో ఆ పొట్టితనం తైవాన్ నుంచి వచ్చింది. తైచుంగ్ నేటివ్-1, ఆ వెనకే ఫిలిప్పీన్స్ నుంచి ఐఆర్-8, 1968లో మన జయ. ఎరువేసినా పడిపోలేదు, దిగుబడి పెరిగింది. కానీ వరంగల్‌లో వాటికి ఉల్లికోడు అనే పురుగు కాచుకుని ఉంది.

దోమంత ఈగ పెట్టిన గుడ్డు నుంచి పురుగు పుట్టి, పిలక మొదట్లో చేరి మొవ్వను తినేస్తుంది. ఆకు రావాల్సిన చోట ఉల్లికాడలాంటి తెల్లటి గొట్టం లేస్తుంది. అది కనపడిందంటే ఆ పిలకకు ఇక వెన్ను రాదు. మందు కొట్టేసరికి లోపలి పని అయిపోతుంది. పంజాబ్ గోధుమకు ఈ ఉల్లికోడు బెడద లేదు, ఇక్కడ మాత్రం పొట్టితనం ఒక్కటే సరిపోలేదనిపిస్తుంది.

వరంగల్ పరిశోధనా కేంద్రం ఉల్లికోడును తట్టుకునే ఈశ్వరకోర అనే దేశవాళీ రకాన్ని పట్టుకుంది. దాన్ని ఎంటీయూ-15 అనే మరో వరితో కలిపితే డబ్ల్యూ-1263 రకం వచ్చింది. దాన్ని ఐఆర్-8తో సంకరపరిస్తే ‘కాకతీయ’ పుట్టింది. పొట్టితనం తైవాన్‌ది, ఉల్లికోడును తట్టుకునే గుణం మనది.

ఈగ కూడా ఊరుకోలేదు. జగిత్యాలలో ఒక తెగ, వరంగల్‌లో మరో తెగ తయారయ్యాయి. అక్కడ తట్టుకున్న వరి ఇక్కడా తట్టుకుంటుందని చెప్పలేం. అందుకే కొత్త వరి రకాన్ని ఈ రెండు చోట్లా విడివిడిగా పరీక్షించాల్సి వస్తోంది.