సిరను అంటిన క్లోమ క్యాన్సర్: ‘ఆపరేషన్ కుదరదు’ అన్న నిర్ణయం ఎలా మారింది

వరంగల్, ములుగు, భూపాలపల్లి పల్లెల్లో కళ్లు పచ్చబడితే ఇప్పటికీ చాలామంది ముందుగా వెళ్లేది పసరు మందు ఇచ్చేవాళ్ల దగ్గరికే. వైరస్ వల్ల వచ్చిన కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి కాబట్టి ఆ పేరు పసరుకు దక్కుతుంది. క్లోమం తలభాగంలోని కణితి పిత్తనాళాన్ని నొక్కినప్పుడు వచ్చే కామెర్లు మాత్రం, తరచూ నొప్పి లేకుండానే, ఒళ్లంతా దురద, తెల్లబారిన మలంతో వారాల తరబడి ముదురుతాయి. చివరికి వరంగల్‌లోని ఎంజీఎం ఆసుపత్రికో హైదరాబాద్‌కో చేరి సీటీ స్కాన్ తీయిస్తే, కణితి సుపీరియర్ మెసెంటెరిక్ సిరను అంటి ఉందని రిపోర్టులో కనిపించవచ్చు. ఒకప్పుడు ఆపరేషన్ ప్రస్తావన అక్కడితోనే ఆగిపోయేది.

చిక్కంతా ఆ చోటుతోనే. పేగుల నుంచి వచ్చే ఈ సిర, ప్లీహం నుంచి వచ్చే సిర సరిగ్గా క్లోమం మెడ వెనుక కలిసి పోర్టల్ సిరగా మారతాయి. కాలేయానికి అందే రక్తంలో దాదాపు 75 శాతం దాని గుండానే వెళ్తుంది.

క్లోమం తలను ఆంత్రమూలంతో (చిన్నపేగు మొదటి భాగంతో) సహా తొలగించే ఆపరేషన్‌ను బెర్లిన్‌లో కౌష్ 1909లో చేసినా, 1935లో న్యూయార్క్‌లో అలెన్ విపుల్ చేసిన తర్వాతే అది ప్రచారంలోకి వచ్చి ఆయన పేరుతో నిలిచింది. సిరను కూడా కోసి తిరిగి అతికిన ఆపరేషన్‌ను 1951లో అమెరికాలో మూర్, ఆయన సహచరులు ప్రచురించారు. 1973లో న్యూయార్క్‌కే చెందిన జోసెఫ్ ఫోర్ట్‌నర్ మరీ ముందుకు వెళ్లి, కణితి చుట్టూ ఉన్న కణజాలాన్నీ, పోర్టల్ సిరనూ, అవసరమైతే ధమనులనూ కలిపి తీసే పద్ధతిని ప్రతిపాదించారు. మరణాలు, ఉపద్రవాలు ఎక్కువై, ఆయుష్షు మాత్రం ఆశించినంత పెరగకపోవడంతో పాశ్చాత్య దేశాల్లో చాలామంది సిర జోలికి వెళ్లడం మానేశారు. జపాన్‌లో, ముఖ్యంగా నగోయాలో, ఆ పని కొనసాగింది.

ఆలోచన మారింది 1990లలో. మెరుగైన సీటీ స్కాన్ల వల్ల సిర వరకే పాకిన కణితిని, ధమనిని చుట్టుకున్న కణితిని ఆపరేషన్‌కు ముందే వేరు చేయడం సాధ్యమైంది. హ్యూస్టన్‌లోని ఎం.డి. ఆండర్సన్ ఆసుపత్రి 2004లో వెల్లడించిన ఫలితాల్లో, సిరను కోయించుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు (సగం మంది అంతకు మించి బతికిన కాలం) సుమారు 23 నెలలు, మామూలు విపుల్ ఆపరేషన్ జరిగినవారిది సుమారు 26 నెలలు. గణాంకపరంగా అది తేడా కిందికి రాలేదు. సిరను అంటడం చాలామందిలో కణితి పుట్టిన చోటును బట్టి జరిగేదే తప్ప, అదొక్కటే రోగం చేయిదాటిందనడానికి రుజువు కాదని దీంతో బలపడింది. కోసి తీసిన సిరను పరీక్షిస్తే కొన్నిసార్లు అందులో క్యాన్సరే ఉండదు, వాపు వల్ల అతుక్కున్నదే ఉంటుంది; ఆపరేషన్ బల్లమీద చేతితో తడిమి ఆ తేడా చెప్పడం ఎంతటి నిపుణుడికైనా కష్టం.

2014లో క్లోమ శస్త్రవైద్యుల అంతర్జాతీయ బృందం సిరను కోసి అతికే ఈ పనిని నాలుగు రకాలుగా విభజించింది: సిర గోడలో కొంత కోసి నేరుగా కుట్టడం, ఆ చోట అతుకు వేయడం, ముక్క తీసి రెండు కొనలను కలపడం, మధ్యలో వేరే నాళం పెట్టడం. అరువు నాళం మెడలోని జుగులార్ సిర కావచ్చు, ఎడమ మూత్రపిండపు సిర కావచ్చు, కృత్రిమ గొట్టమూ కావచ్చు. మూడు సెంటీమీటర్ల లోపు లోటైతే, పేగుల మూలాన్ని వదులు చేసి పైకి తెచ్చి, సాధారణంగా కొనలనే కలపగలుగుతారు. రక్తాన్ని ఆపే క్లాంపులు సిరకు బిగించి ఉన్నంతసేపూ పేగులు ఉబ్బి నల్లబారుతుంటాయి కాబట్టి, వెంట్రుకంత సన్నని ప్రోలీన్ దారంతో త్వరగా కుట్టాలి. చివరి ముడిని కాస్త వదులుగా వేస్తారు. రక్తం తిరిగి పారగానే సిర విచ్చుకుంటుంది, ముడి బిగుతైతే అతుకు దగ్గరే నడుము నొక్కినట్టు సన్నబడి గడ్డకట్టే ప్రమాదం ఉంది.

2011లో ఫోల్ఫిరినాక్స్ అనే కీమో మిశ్రమం ఫలితాలు వచ్చాక చికిత్స వరుస కూడా మారింది. ఇలాంటి కేసుల్లో ఇప్పుడు ముందు పిత్తనాళంలో స్టెంట్ వేసి కామెర్లు తగ్గించి, కొన్ని నెలలు కీమో ఇచ్చి, మళ్లీ స్కాన్ తీశాకే ఆపరేషన్ ఆలోచిస్తారు. కీమో తర్వాత మిగిలిన మచ్చ కణజాలం కూడా స్కాన్‌లో కణితిలాగే కనిపించవచ్చు కనుక, సిర చుట్టూ నీడ అలాగే ఉన్నా, రక్తంలో ఈ క్యాన్సర్‌ను సూచించే సీఏ 19-9 విలువ పడిపోయి మనిషి కోలుకుంటుంటే పొట్ట తెరిచి చూడడానికే మొగ్గు చూపుతున్నారు.