కాలేజీ విద్యార్థులు, పొగాకు: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో నా దంతవైద్యశాలకు వచ్చే హాస్టల్ విద్యార్థులు చాలామంది పళ్ల మీద మరకలు పోగొట్టమని అడుగుతారు. నాలుగు మాటలు కలిపితే, పొగాకు గురించి వాళ్లలో పాతుకుపోయిన నమ్మకాలు బయటపడతాయి.

అపోహ: పరీక్షల ఒత్తిడికి సిగరెట్ మంచి మందు.

వాస్తవం: పొగ పీల్చిన కొద్ది సెకన్లకే, పొగాకులో ఉండి అలవాటు పడేలా చేసే నికోటిన్ మెదడుకు చేరుతుంది. రెండు గంటలు గడిచేసరికి రక్తంలో అది దాదాపు సగానికి పడిపోతుంది. అప్పుడు మొదలయ్యే చిరాకు, ఏకాగ్రత కుదరకపోవడం చాలావరకు అంతకుముందు కాల్చిన సిగరెట్ తెచ్చిపెట్టినవే. ఇంకొకటి వెలిగిస్తే అవి కాసేపు అణుగుతాయి. పిల్లలు దాన్నే ప్రశాంతత అనుకుంటున్నారు. ఎక్కువమంది చిక్కుకుంటున్నది ఇక్కడే కాబట్టి, ఈ సంగతి ఓపిగ్గా, మళ్లీ మళ్లీ చెబుతుంటాను.

అపోహ: గుట్కాలో పొగ ఉండదు, వక్కపొడిలో పొగాకే ఉండదు. ఇక భయమెందుకు?

వాస్తవం: పొగాకు కలవకపోయినా వక్క క్యాన్సర్ కారకమేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004 నాటి నివేదికలో స్పష్టం చేసింది. నమిలే అలవాటుతో బుగ్గల లోపలి పొర బిగుసుకుపోయి, నోరు తెరవడం కష్టమవుతుంది. మీ మూడు వేళ్లు జతచేసి నిలువుగా నోట్లో పెట్టి చూడండి. పట్టకపోయినా, కూరలో కాస్త కారానికే నోరు మండుతున్నా వెంటనే దంతవైద్యుడికి చూపించండి. అలవాటు మానితే జబ్బు ముదరకుండా ఆగవచ్చు గానీ, బిగిసిన పొర మునుపటిలా మెత్తబడటం కష్టం. ఇరవై ఏళ్ల పిల్లవాడు అన్నం ముద్ద పెట్టుకోవడానికి అవస్థ పడుతుంటే చూడలేం.

అపోహ: బీడీ తునికాకుతో చుట్టినది, అంత హాని చేయదు.

వాస్తవం: సిరిసిల్ల, జగిత్యాల వైపు ఇంట్లో అమ్మ బీడీలు చుడుతుంటే చూస్తూ పెరిగిన విద్యార్థులు ఈ మాట అంటుంటారు. పైన ఆకే, లోపల మాత్రం పొగాకు. పైగా ఆరిపోకుండా ఉండేందుకు మాటిమాటికీ పీల్చాలి. ఇంకొందరు ఈ-సిగరెట్లలో వచ్చేది ఉత్త నీటి ఆవిరేనంటారు. అదీ నిజం కాదు. 2019 నుంచి వాటి అమ్మకం దేశమంతటా నిషేధం.

అపోహ: కోర్సు పూర్తవగానే మానేస్తాను.

వాస్తవం: ఏళ్లు గడిచేకొద్దీ అలవాటు బలపడుతుంది. మానిన మొదటి రెండు మూడు రోజులు బాగా కష్టం, తర్వాత కొన్ని వారాల్లో తగ్గుతూ వస్తుంది. సిగరెట్ కావాలన్న తహతహ ఒక్కోసారి కొన్ని నిమిషాలే ఉంటుంది. ఆ కాసేపు నీళ్లు తాగండి, నాలుగడుగులు నడవండి. రూమ్మేట్‌కు ముందే చెప్పి పెట్టండి. టీ కొట్టు దగ్గరే సిగరెట్ అలవాటైతే, కొన్నాళ్లు టీ మరోచోట తాగండి. ఒంటరిగా సాధ్యం కాకపోతే 1800-11-2356కు ఫోన్ చేయండి. అది పొగాకు మానాలనుకునేవారికి కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత సహాయ కేంద్రం.