2020 ఆల్ ఐర్లండ్ గేలిక్ ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్: అపోహలు - వాస్తవాలు

డబ్లిన్‌లోని ఒక క్లబ్బులో పిల్లలకు గేలిక్ ఫుట్‌బాల్ (చేతులు, కాళ్లు రెండింటితో ఆడే ఐర్లండ్ ఆట) నేర్పుతుంటాను. ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు కూడా ఆటకు వస్తుంటారు. వారిని దింపడానికి వచ్చే తల్లిదండ్రులతో మాట్లాడుతున్నప్పుడు 2020 సీజన్ ప్రస్తావన తరచుగా వస్తుంది, దానితోపాటే కొన్ని పొరపాటు అభిప్రాయాలూ వస్తాయి.

అపోహ: అది కోవిడ్ ఏడాది కాబట్టి పోటీ తేలికైంది, ఆ కప్పును లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

వాస్తవం: నా దృష్టిలో ఇది పూర్తిగా తలకిందులైన వాదన. ఈ ఛాంపియన్‌షిప్‌లో ఆడేవి కౌంటీల (మన జిల్లాల వంటివి) జట్లు; అవి ముందు మన్‌స్టర్, అల్‌స్టర్, కొనాక్ట్, లెయిన్‌స్టర్ అనే నాలుగు ప్రావిన్సుల టైటిళ్ల కోసం తలపడతాయి. 2001 నుంచి ప్రావిన్సు పోటీలో ఓడిన జట్టుకు క్వాలిఫయర్ల ద్వారా మరో అవకాశం దొరికేది. ఇక్కడివారు దాన్ని పెరటి తలుపు అంటారు. 2018లో క్వార్టర్ ఫైనల్ దశను గ్రూపులుగా మార్చడంతో బలమైన జట్లకు ఇంకాస్త వెసులుబాటు కలిగింది. 2020లో అక్టోబరు చివర మొదలుపెట్టి డిసెంబరు 19కల్లా ముగించవలసి రావడంతో ఆ రెండింటినీ పక్కన పెట్టి, ఒక్క మ్యాచ్ ఓడినా ఇంటికే అనే పాత పద్ధతికి తిరిగి వెళ్లారు. ఆ పద్ధతి ఎంత నిర్దయగా ఉంటుందో కెర్రీకి మొదటి మ్యాచ్‌లోనే తెలిసివచ్చింది: ఆటలో అందరికంటే ఎక్కువ టైటిళ్లు గెలిచిన ఆ కౌంటీ, అదనపు సమయం ఆఖరి క్షణాల్లో కార్క్ ఆటగాడు మార్క్ కీన్ కొట్టిన గోల్‌తో 1-12, 0-13 స్కోరుతో నిష్క్రమించింది (ముందు అంకె గోల్స్, ఒక్కోదానికి మూడు పాయింట్లు; తర్వాతది గోల్ పైనున్న క్రాస్‌బార్ మీదుగా సాధించిన పాయింట్లు). అదే కార్క్‌ను నవంబరు 22న టిప్పరరీ 0-17, 0-14తో ఓడించి, 1935 తర్వాత మొదటిసారి మన్‌స్టర్ టైటిల్ అందుకుంది. కావన్ అయితే మోనహన్‌పై అదనపు సమయం చివరలో గోల్‌కీపర్ రేమండ్ గాలిగన్ దూరం నుంచి తన్నిన ఫ్రీ కిక్‌తో బతికి బయటపడి, చివరకు డోనెగాల్‌ను ఓడించి 1997 తర్వాత మొదటి అల్‌స్టర్ టైటిల్ గెలిచింది. స్లైగో కోవిడ్ వల్ల తప్పుకోవడంతో గాల్వే ఆడకుండానే కొనాక్ట్ ఫైనల్ చేరిన మాట నిజమే. కానీ ఆ ఫైనల్లో మేయో చేతిలో ఒక్క పాయింటుతో ఓడిపోయింది.

అపోహ: 1920 సెమీఫైనల్స్‌లో ఆడిన డబ్లిన్, కావన్, మేయో, టిప్పరరీ జట్లే నూరేళ్ల తర్వాత మళ్లీ రావడం కావాలని కూర్చినది.

వాస్తవం: సెమీస్‌కు చేరినవి నాలుగు ప్రావిన్సుల విజేతలు, ఏ ప్రావిన్సు దేనితో తలపడాలన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. కావన్, టిప్పరరీ గెలుస్తాయని ఎవరూ ఊహించని ఏడాదిలో ఇలా కూర్చడం ఎవరి చేతిలోనూ లేని పని. సెమీస్‌లో ఆ రెండూ భారీ తేడాతో ఓడాయి.

అపోహ: 1920 నవంబరు 21న డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియంలో కాల్పులు జరిగినప్పుడు ఆడుతున్నది ఆ ఏటి ఛాంపియన్‌షిప్ ఫైనల్.

వాస్తవం: అది డబ్లిన్, టిప్పరరీల మధ్య ఏర్పాటు చేసిన ప్రత్యేక మ్యాచ్ మాత్రమే. బ్రిటిష్ బలగాల కాల్పుల ఘటనలో 14 మంది మరణించారు, వారిలో టిప్పరరీ ఆటగాడు మైఖేల్ హోగన్ ఒకరు. స్టేడియంలోని హోగన్ స్టాండ్‌కు ఆయన పేరే పెట్టారు. 1920 ఛాంపియన్‌షిప్ ఫైనల్ యుద్ధ పరిస్థితుల వల్ల ఆలస్యమై 1922 జూన్‌లో జరిగింది, అందులో టిప్పరరీ గెలిచింది. 2020 మన్‌స్టర్ ఫైనల్‌కు టిప్పరరీ తన మామూలు రంగులు వదిలి, ఆనాటి జట్టు వేసుకున్న తెలుపు, ఆకుపచ్చ జెర్సీల నమూనాలో దిగింది.

అపోహ: 2020 ఫైనల్లో డబ్లిన్ చేతిలో మేయో ఓటమికి కారణం శాపం.

వాస్తవం: 1951లో కప్పు గెలిచి తిరిగి వస్తూ మేయో ఆటగాళ్లు దారిలో ఎదురైన శవయాత్రకు ఆగలేదని, ఆ జట్టులో ఒక్కరు బతికున్నా మేయో మళ్లీ గెలవదని ఒక మతగురువు శపించాడని ఇక్కడ చెప్పుకుంటారు. కథ బాగుంటుంది, పిల్లలకు నేనూ చెబుతాను. కానీ 2020 ఫైనల్ స్కోరు చూడండి: డబ్లిన్ 2-14, మేయో 0-15. అప్పటి నిబంధనల్లో గోల్‌కు మూడు పాయింట్లు, క్రాస్‌బార్ మీదుగా పోతే ఒకటి. కాబట్టి లెక్క 20, 15. బార్ మీదుగా బంతిని ఎక్కువసార్లు పంపింది మేయోనే. మ్యాచ్ మొదలై పదిహేను సెకన్లు గడవకముందే డీన్ రాక్, తర్వాత కాన్ ఓ'కల్లహన్ కొట్టిన రెండు గోల్స్ తేడా తెచ్చాయి, డబ్లిన్ వరుసగా ఆరో కప్పు ఎత్తింది. పైగా 1951 జట్టులో మిగిలిన చివరి ఆటగాడు 2021 సెప్టెంబరులో కన్నుమూశారు. శాపం షరతు తీరిపోయినా 2022 నుంచి 2025 వరకు జరిగిన నాలుగు ఛాంపియన్‌షిప్పుల్లో ఒక్కటీ మేయో గెలవలేదు.