న్యూక్లియర్ స్కాన్‌కి వచ్చేటప్పుడు మందుల సంచీ వెంట తెచ్చుకోండి: అపోహలు - వాస్తవాలు

స్కాన్ కోసం రేడియోధార్మిక ఇంజెక్షన్ ఇచ్చే ముందు నేను తప్పకుండా అడిగే ప్రశ్న, 'ఏమేం మందులు వాడుతున్నారు?' అని. 'బీపీకి ఏదో తెల్ల మాత్రండీ' అనే జవాబు దాదాపు రోజూ వింటాను. ఆ తెల్ల మాత్ర పేరు తెలిస్తే ఒక్కోసారి స్కాన్ రిపోర్టే మారిపోతుంది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: రేడియోధార్మిక ఇంజెక్షన్ నా మందులతో కలిసి వికటిస్తుంది.

ఈ భయంతోనే కొందరు వాడుతున్న మందులు దాచేస్తారు. మేమిచ్చే ట్రేసర్‌లో (ఒంట్లో ఎక్కడికి చేరిందో కెమెరాకు కనిపించే ఆ ఇంజెక్షన్ మందులో) రేడియోధార్మిక పదార్థం మైక్రోగ్రాములో ఏ కొద్ది భాగమో ఉంటుంది. మీ మాత్రల పనికి అది అడ్డు రాదు. ఒంటి పనితీరును కదపకుండా, దాని వెంట నడిచి చూడటమే ట్రేసర్ పద్ధతి. దానికి పునాది వేసిన జార్జ్ డి హెవెసీకి 1943 సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ దక్కింది. అసలు సంగతి దీనికి తిరగేసి ఉంటుంది. మీ మందే ట్రేసర్ దారి మళ్లిస్తుంది. దాంతో ఒంటికి ఏమీ కాదు గానీ బొమ్మ తప్పు చెబుతుంది.

అపోహ: పెట్ స్కాన్‌కి షుగర్ తక్కువుండాలట, బయల్దేరే ముందు ఇన్సులిన్ వేసుకుంటే సరి.

ఇలా వచ్చిన ఒక పెద్దాయన బొమ్మ నాకింకా కళ్లముందే ఉంది. తొడలు, భుజాలు, గుండె ట్రేసర్ పట్టి నల్లగా నిండిపోయాయి. మేం వెతుకుతున్న ఊపిరితిత్తి గడ్డ మాత్రం వెలిసిన సిరా చుక్కలా ఉంది. క్యాన్సర్ పెట్ స్కాన్లలో ఎక్కువగా వాడే ట్రేసర్ ఎఫ్‌డీజీ, గ్లూకోజ్ లాంటిదే. ఇన్సులిన్ గ్లూకోజ్‌ని కండరాల్లోకి తోసినట్టే దాన్నీ తోసేస్తుంది, గడ్డకు మిగిలేది కొంచెమే. ఆయన తప్పేమీ లేదు. మేమిచ్చిన చీటీలో 'షుగర్ అదుపులో ఉండాలి' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాం. ఆ తర్వాత చీటీ మార్చాం. త్వరగా పనిచేసే ఇన్సులిన్‌కీ ఎఫ్‌డీజీకీ మధ్య కనీసం 4 గంటలు ఎడం ఉండాలి. షుగర్ 200 దాటితే సాధారణంగా స్కాన్ వాయిదా వేస్తాం. ఎఫ్‌డీజీలోని రేడియోధార్మిక ఫ్లోరిన్-18 ప్రతి 110 నిమిషాలకూ సగమైపోతుంది కాబట్టి ఆ డోసును రేపటికి దాచుకోలేం.

షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ కథ వేరు. అది వాడేవారిలో పేగు గోడ ఎఫ్‌డీజీని బాగా పీల్చుకుంటుంది. పేగులో గడ్డ ఉందేమో చూడాల్సి వస్తే అది ఆ నలుపులో దాక్కుంటుంది. అలాంటప్పుడు 48 గంటలు ఆపమంటాం, అదీ మీ షుగర్ డాక్టరు సరే అంటేనే. కీమో తర్వాత తెల్లకణాలు పెంచే ఇంజెక్షన్ చేయించుకుంటే దాని తేదీ కూడా చెప్పండి. దానివల్ల బొమ్మలో ఎముక మజ్జ అంతా నల్లగా నిండిపోయి, జబ్బు పాకిందా అన్న అనుమానం తెచ్చిపెడుతుంది.

అపోహ: ఎందుకైనా మంచిది, రెండ్రోజుల ముందే అన్ని మందులూ ఆపేస్తే పోలా?

వద్దు, దయచేసి ఆ పని చెయ్యకండి. మూర్ఛ మందులు, కొన్ని గుండె మందులు హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. మామూలు బోన్ స్కాన్‌కి సాధారణంగా ఏ మాత్రా ఆపక్కర్లేదు. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల్లో గడ్డల కోసం చేసే ఎమ్ఐబీజీ స్కాన్‌కి మాత్రం లాబెటలాల్ అనే బీపీ మందు ఆపాల్సిందే. ఎమ్ఐబీజీ అనే ట్రేసర్ కణంలోకి వెళ్లే ద్వారాన్నే ఆ మందు మూసేస్తుంది. కానీ ఆ గడ్డ ఉన్నవాళ్లకు బీపీ ఉన్నట్టుండి విపరీతంగా పెరగొచ్చు. అందుకే మీ డాక్టరు దాని బదులు వేరే మందు పెట్టాకే ఆపాలి. జలుబుకి వేసుకునే సూడోఎఫెడ్రిన్ కూడా ఎమ్ఐబీజీకి అడ్డుపడుతుంది. 'అదీ ఒక మందేనా' అనుకుని దాన్ని చెప్పేవాళ్లే తక్కువ.

అపోహ: మానేసి వారమైంది, ఇంకా ఒంట్లో ఏముంటుంది?

థైరాయిడ్‌కి అయోడిన్ ట్రేసర్ ఇచ్చేటప్పుడు ఈ లెక్క కుదరదు. గుండె లయ సరిచేసే అమియోడరోన్ 200 మి.గ్రా. మాత్రలో సుమారు 75 మి.గ్రా. అయోడిన్ ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకి కావాల్సింది 150 మైక్రోగ్రాములే. అంటే ఒక్క మాత్రలో 500 రోజుల అయోడిన్! అంత అయోడిన్ ఒంట్లో ఉంటే మా ట్రేసర్‌కి గ్రంథిలో చోటేది? దాని ప్రభావం నెలల తరబడి ఉంటుంది. థైరాయిడ్ జోరు తగ్గించే కార్బిమజోల్‌కి కొద్ది రోజుల ఎడం చాలు, థైరాయిడ్ హార్మోన్ మాత్ర లెవోథైరాక్సిన్‌కి దాదాపు 4 వారాలు కావాలి. సీటీ స్కాన్‌లో ఎక్కించే కాంట్రాస్ట్‌లోనూ అయోడిన్ ఉంటుంది, అందుకే 'ఈ మధ్య సీటీ తీయించుకున్నారా?' అని గుచ్చి గుచ్చి అడుగుతాం.

అపోహ: ఒక్క కప్పు కాఫీతో ఏమవుతుంది?

గుండె రక్తనాళాలను వెడల్పు చేసే అడినోసిన్‌తోనో డైపిరిడమోల్‌తోనో గుండె స్ట్రెస్ స్కాన్ చేస్తుంటే పరీక్షే వృథా కావచ్చు. కెఫీన్ వాటి పనిని అడ్డుకుంటుంది. మాకు 12 నుంచి 24 గంటల ఎడం కావాలి. టీ, చాక్లెట్, కెఫీన్ తీసేశామనే కాఫీ, కొన్ని తలనొప్పి మాత్రలు కూడా ఈ లెక్కలోకే వస్తాయి.

అపోహ: మందులంటే స్కాన్‌కి శత్రువులే.

కొన్నిటిని మేమే అడిగి మరీ వేయిస్తాం. కామెర్లు తగ్గని పసిబిడ్డకు పిత్తనాళం మూసుకుపోయిందేమో చూసే హైడా స్కాన్‌కి ముందు, సుమారు 5 రోజులు ఫినోబార్బిటాల్ పట్టిస్తాం. అది కాలేయం నుంచి ట్రేసర్‌ని పైత్యంతో పాటు బయటికి పంపడానికి తోడ్పడుతుంది. ట్రేసర్ పేగులో కనిపించిందా, నాళం తెరిచే ఉంది. 24 గంటల తర్వాత తీసిన బొమ్మలో కూడా కనిపించకపోతే సర్జన్‌తో మాట్లాడాల్సి వస్తుంది. ఆ మందు సరిగా పడకపోతే, నాళం తెరిచి ఉన్న బిడ్డకు కూడా మూసుకుపోయినట్టు కనిపించొచ్చు. మందు కక్కేసినా, డోసు మరిచిపోయినా మొహమాటపడకుండా చెప్పమ్మా. స్కాన్ తేదీ మార్చాలా, వద్దా అన్నది మేం చూసుకుంటాం.