పాడవుతున్న కంప్యూటర్, అందులో చిక్కుకున్న ఫైళ్లు: అపోహలు – వాస్తవాలు

ఇంట్లో వాడే కంప్యూటర్ మొరాయించినప్పుడు దాన్ని మరమ్మతుకు తెచ్చేవారు మొదట అడిగేది "ఇది బాగవుతుందా?" అని. నేను తిరిగి అడిగేది మరొకటి: "ఇందులోని ఫైళ్లు ఇంకెక్కడైనా ఉన్నాయా?" విడిభాగాలు మార్చి యంత్రాన్ని ఎలాగో నడిపించవచ్చు కానీ, ఒకే ఒక్క ప్రతిగా ఉన్న ఫొటోలకూ లెక్కలకూ సగం రాసిన సిద్ధాంత వ్యాసానికీ విడిభాగాలు దొరకవు. ఈ వృత్తిలో నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం అసలు లోపం వల్ల జరిగినవి కావు. లోపం బయటపడ్డాక, ఫైళ్లను మరోచోటికి చేర్చకముందే, మంచి ఉద్దేశంతో చేసిన మరమ్మతుల వల్ల జరిగినవి. ఆ మరమ్మతుల వెనుక ఉండే నమ్మకాల్లో ముఖ్యమైనవాటిని ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: కంప్యూటర్ నెమ్మదించిందంటే వైరస్ చేరినట్టే, ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్లీ ఎక్కిస్తే సరిపోతుంది.

వాస్తవం: నెమ్మదించడానికి వైరస్ అనేక కారణాల్లో ఒకటి మాత్రమే. ఫ్యాన్‌లో దుమ్ము పేరుకుని ప్రాసెసర్ వేడెక్కితే అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ర్యామ్ (పని జరుగుతున్నంతసేపు డేటాను ఉంచుకునే తాత్కాలిక మెమరీ) చాలకపోతే విండోస్ ఆ లోటును డిస్క్‌తో పూడ్చుకుంటూ ఈడుస్తుంది. సీ డ్రైవ్ నిండిపోయినా ఇదే పరిస్థితి. వీటివల్ల ఫైళ్లకు వెంటనే వచ్చే ముప్పేమీ లేదు. అసలు ముప్పు హార్డ్ డిస్క్‌లోని కొన్ని సెక్టార్లు (డేటా రాసి ఉంచే చిన్న చిన్న భాగాలు) బలహీనపడినప్పుడు వస్తుంది. అప్పుడు డిస్క్ ఒక్కసారిగా చేతులెత్తేయదు. ఆ భాగాన్ని మళ్లీ మళ్లీ చదవడానికి ప్రయత్నిస్తుంది, అంతసేపూ కంప్యూటర్ హ్యాంగ్ అయినట్టు కనిపిస్తుంది. ఈ తేడాను ఇంట్లోనే గుర్తించవచ్చు. ఏ పని చేసినా ఒకే తీరుగా నెమ్మదిగా ఉంటే సాధారణంగా వేడో, ర్యామో కారణం. ఫలానా ఫోల్డర్ తెరిచినప్పుడే ఆగిపోతూ, టాస్క్ మేనేజర్‌లో డిస్క్ వినియోగం 100 శాతం చూపిస్తూ, చదివే వేగం మాత్రం సెకనుకు కొన్ని కిలోబైట్ల దగ్గరే నిలిచిపోతే డిస్క్‌నే అనుమానించాలి.

అలాంటి డిస్క్ ఫార్మాట్‌తో బాగుపడదు. విండోస్ విస్టా నుంచి పూర్తి ఫార్మాట్ డిస్క్ అంతటా సున్నాలు రాస్తోంది కాబట్టి ఆ తరవాత రికవరీకి ఏమీ మిగలదు. ఫైళ్ల పట్టికను మాత్రమే చెరిపే క్విక్ ఫార్మాట్ అయితే హార్డ్ డిస్క్‌లో కొంత ఆశ ఉంటుంది కానీ, కొత్త విండోస్ వచ్చి కూర్చున్న చోటులోని పాత ఫైళ్లు తిరిగిరావు.

అపోహ: డిస్క్ టక్ టక్‌మంటున్నా ఫైళ్లు తెరుచుకుంటున్నాయి కాబట్టి ఇంకొన్నాళ్లు నడుస్తుంది.

వాస్తవం: ఇళ్లలో ఉండే హార్డ్ డిస్క్‌ల పళ్లేలు సాధారణంగా నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతాయి. చదివే హెడ్ వాటిని తాకకుండా, కొన్ని నానోమీటర్ల ఎత్తున, గాలి పొరమీద తేలుతూ ఉంటుంది. తానెక్కడున్నదీ తెలిపే గుర్తులను హెడ్ చదవలేకపోయినప్పుడు వెనక్కి వెళ్లి మళ్లీ వస్తుంది. ఆ రాకపోకల చప్పుడే మనకు వినిపించేది. హెడ్ దెబ్బతిని ఉంటే, డిస్క్ తిరిగినంతసేపూ పళ్లెంమీది పూతను గీరేసే అవకాశం ఉంది. పూత ఊడిపోయిన చోట సమాచారమూ పోతుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ ఏ ప్రయోగశాలా తిరిగి తేలేవు. కాబట్టి ఆ చప్పుడు విన్న వెంటనే కంప్యూటర్‌ను ఆపేయాలి, "ఒక్కసారి చూద్దాం" అని మళ్లీ ఆన్ చేయకూడదు.

ఈ సందర్భంలో చాలాకాలంగా ప్రచారంలో ఉన్న చిట్కాలు కొన్ని ఉన్నాయి. డిస్క్‌ను ఫ్రీజర్‌లో పెట్టడం వాటిలో మొదటిది. బయటికి తీశాక చల్లని భాగాలమీద తేమ చేరుతుంది, ఆ తేమతోనే పళ్లేలను తిప్పవలసివస్తుంది. ఇంట్లో డిస్క్ మూత విప్పడం అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే మామూలు గదిలోని దుమ్ము కణం హెడ్‌కూ పళ్లేనికీ మధ్యనున్న సందుకన్నా ఎన్నో రెట్లు పెద్దది. అదే మోడల్ డిస్క్ నుంచి సర్క్యూట్ బోర్డు తీసి బిగించడం ఒకప్పుడు పనిచేసేది. ఇప్పటి డిస్క్‌లలో ప్రతి బోర్డుమీదా ఆ ఒక్క డిస్క్‌కే చెందిన కొలతలు నిక్షిప్తమై ఉంటాయి కాబట్టి బోర్డు మార్చినంత మాత్రాన సాధారణంగా పని జరగదు. రికవరీ సాఫ్ట్‌వేర్ పొరపాటున చెరిపేసిన ఫైళ్లను వెతకడానికి పనికొస్తుంది తప్ప హెడ్ దెబ్బతిన్న డిస్క్‌కు కాదు. అది చేసేదల్లా ఆ డిస్క్‌ను గంటల తరబడి తిప్పడమే. ఫైళ్లు మరెక్కడా లేవు, పోతే తట్టుకోలేము అనుకుంటే డిస్క్‌ను అలాగే ధూళిరహిత గది ఉన్న నిపుణులకు అప్పగించాలి. అంత విలువైనవి కావనుకుంటే, పోయినా పోతాయని తెలిసే ప్రయత్నించవచ్చు. ఈ రెంటిలో ఏది మీ పరిస్థితో డిస్క్‌ను తాకకముందే తేల్చుకోవాలి.

అపోహ: డిస్క్‌లో ఎర్రర్ కనిపిస్తే ముందుగా చెక్‌డిస్క్ నడపాలి.

వాస్తవం: ఇంటర్నెట్‌లో దొరికే సలహాల్లో నేను అన్నిటికన్నా గట్టిగా వ్యతిరేకించేది ఇదే. విండోస్‌తో వచ్చే చెక్‌డిస్క్ అనే సాధనం ఫైల్ సిస్టమ్‌లో, అంటే ఏ ఫైలు డిస్క్‌లో ఎక్కడుందో చెప్పే పట్టికల్లో, పొంతన కుదర్చడానికి తయారైనది, ఫైళ్లను కాపాడడానికి కాదు. మరమ్మతు చేయమని ఆదేశిస్తే అది డిస్క్‌మీద రాస్తుంది, పొంతన కుదరని ముక్కలను అసలు పేర్లు లేకుండా ఫౌండ్ అనే ఫోల్డర్‌లో పడేస్తుంది. చెడిన సెక్టార్లను కూడా వెతకమంటే డిస్క్‌ను మొదటినుంచి చివరిదాకా చదువుతుంది. అవసాన దశలో ఉన్న డిస్క్‌తో ఆ పని చేయించడం విరిగిన కాలితో పరుగెత్తించడం లాంటిది. మామూలుగా ఉన్న డిస్క్‌లో కరెంటు పోవడం వల్ల వచ్చిన చిన్న లోపాలను సరిచేయడానికి చెక్‌డిస్క్ మంచి సాధనమే. కానీ దాని వంతు ఫైళ్లు బయటపడిన తరవాతే రావాలి. విండోస్ బూట్ అయ్యేటప్పుడు తనంతట తానే ఈ పరీక్ష మొదలుపెట్టబోతే, ఏదైనా కీ నొక్కి ఆపే అవకాశం కొన్ని సెకన్లపాటు ఇస్తుంది. అనుమానం ఉన్నప్పుడు ఆ అవకాశాన్ని వాడుకోవాలి.

చప్పుడు లేకుండా, కేవలం చదవడానికి తడబడుతున్న డిస్క్ అయితే దాని నుంచి విండోస్‌ను నడపకపోవడమే మేలు, ఎందుకంటే విండోస్ నడుస్తున్నంతసేపూ డిస్క్‌మీద ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. మరో కంప్యూటర్‌లో లినక్స్ (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని దానితో బూట్ చేయాలి, పాత డిస్క్‌ను చదవడానికి మాత్రమే తెరవాలి, మళ్లీ సంపాదించలేని చిన్న ఫైళ్లను ముందుగా ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు ఎక్కించాలి. విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్ల జోలికి పోనక్కరలేదు. తొందరలో జనం మరిచిపోయేవి మాత్రం ఉన్నాయి: డెస్క్‌టాప్ మీద పడి ఉన్న ఫైళ్లు, బ్రౌజర్ బుక్‌మార్కులు, అవుట్‌లుక్ మెయిల్ ఫైలు, లెక్కల సాఫ్ట్‌వేర్ తన సొంత ఫోల్డర్‌లో దాచుకున్న డేటా.

విండోస్ నుంచే కాపీ చేయక తప్పనప్పుడు రోబోకాపీ అనే విండోస్ ఆదేశం ఉపయోగపడుతుంది కానీ దాని విషయంలో ఒక జాగ్రత్త ఉంది. ఒక ఫైలు కాపీ కాకపోతే అది సహజంగా 10 లక్షల సార్లు, ప్రయత్నానికీ ప్రయత్నానికీ మధ్య 30 సెకన్లు ఆగుతూ మళ్లీ ప్రయత్నిస్తుంది! ఆ రెండు సంఖ్యలనూ ఒకటికి తగ్గించకుండా దాన్ని చెడిన డిస్క్‌మీద వదలకూడదు. ఎర్రర్లు ఎక్కువగా ఉంటే డీడీరెస్క్యూ అనే లినక్స్ సాధనంతో మొత్తం డిస్క్‌కు నకలు తీయడం మంచిది. అది ముందు తేలికగా వచ్చే భాగాలను చదివి, మొండి భాగాలను చివరికి వదిలి, ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైలులో రాసుకుంటుంది. ఆదేశంలో పాత డిస్క్ పేరూ కొత్త డిస్క్ పేరూ తారుమారైతే ఉన్నది కూడా తుడిచిపెట్టుకుపోతుంది కాబట్టి, ఎంటర్ నొక్కేముందు రెండు డిస్క్‌ల పరిమాణాలు చూసి సరిపోల్చుకోవాలి.

అపోహ: డిస్క్ ఆరోగ్యం "గుడ్" అని సాఫ్ట్‌వేర్ చెబుతోంది కాబట్టి భయం లేదు.

వాస్తవం: ఆ సాఫ్ట్‌వేర్ చూపించేది డిస్క్ తన గురించి తాను రాసుకునే స్మార్ట్ నివేదికను. అందులో 5, 197, 198 సంఖ్యల ఎదుట ఉండే (చెడిన, చదవలేకపోతున్న సెక్టార్ల) లెక్కలు పెరుగుతూ ఉంటే, పైన ఆకుపచ్చగా ఏమి రాసి ఉన్నా, ఫైళ్లను తరలించడానికి వేళయిందని అర్థం. 199 ఎదుట లెక్క పెరిగితే చాలాసార్లు తప్పు డిస్క్‌ది కాదు, కేబుల్‌ది. కేబుల్ మార్చి చూడాలి. నివేదికలో ఏ చెడూ లేదంటే డిస్క్ బాగున్నట్టని మాత్రం అనుకోకూడదు. గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డిస్క్‌లను గమనించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, చెడిపోయిన డిస్క్‌లలో 56 శాతానికి పైగా నాలుగు ముఖ్యమైన స్మార్ట్ సూచికల్లో ఒక్కదానిలోనూ ముందుగా ఏ హెచ్చరికా చూపలేదు.

అపోహ: కంప్యూటర్ ఆన్ కావడం లేదంటే ఫైళ్లు కూడా పోయినట్టే.

వాస్తవం: చాలాసార్లు దీనికి సరిగ్గా వ్యతిరేకంగా జరుగుతుంది. లోపం అడాప్టర్‌లోనో, డెస్క్‌టాప్ లోపల కరెంటు అందించే ఎస్ఎంపీఎస్‌లోనో, ర్యామ్ కాంటాక్టులలోనో ఉంటుంది, డిస్క్ క్షేమంగా ఉంటుంది. కరెంటు తీసేసి, ర్యామ్ ముక్కలను బయటికి తీసి, ఒక్కొక్కటిగా బిగించి చూడడం ఎవరైనా చేయదగిన పరీక్ష. ఫ్యాన్ తిరుగుతోంది కాబట్టి ఎస్ఎంపీఎస్ బాగుందనుకోవడం సరికాదు. ఫ్యాన్‌కు సరిపోయే కరెంటు ప్రాసెసర్‌కు చాలకపోవచ్చు. తేదీ ప్రతిసారీ వెనక్కి పోతుంటే మదర్‌బోర్డు మీది 3 వోల్టుల సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయిందన్నమాట. తేదీ తప్పయితే సురక్షిత వెబ్‌సైట్లు తెరుచుకోవు, దాన్ని చూసి వైరస్ అనుకునేవారు ఎందరో ఉన్నారు.

ప్రతిసారీ వేరే కోడ్‌తో నీలి తెర వచ్చి ఆగిపోతుంటే మాత్రం ర్యామ్‌ను మెమ్‌టెస్ట్ అనే పరీక్షా ప్రోగ్రామ్‌తో పరీక్షించేదాకా ఆ కంప్యూటర్‌లో బ్యాకప్ తీయకండి. చెడిన ర్యామ్ గుండా వెళ్లిన ఫైళ్లు చెప్పాపెట్టకుండా పాడై, పాడైన రూపంలోనే బ్యాకప్‌లో చేరతాయి. డిస్క్‌ను విప్పి, యూఎస్‌బీ అడాప్టర్‌తో మరో కంప్యూటర్‌కు తగిలించి కాపీ చేసుకోవడం క్షేమం.

ఈ దారికి ఈమధ్య రెండు అడ్డంకులు వచ్చాయి. కొన్ని పలుచని ల్యాప్‌టాప్‌లలో స్టోరేజ్ చిప్‌లు బోర్డుకే అతికి ఉంటాయి, విప్పడానికేమీ ఉండదు. రెండోది ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనిదే ఎవరూ చదవలేని రూపంలో డిస్క్‌లోని డేటాను ఉంచడం. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయిన అనేక కంప్యూటర్లలో అది యజమానికి తెలియకుండానే మొదలై ఉంటుంది, డిస్క్‌ను వేరేచోట తగిలిస్తే 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. రోజూ కొట్టే పాస్‌వర్డు అక్కడ పనికిరాదు. ఆ కీ సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రంగా ఉంటుంది; కంప్యూటర్ బాగున్న రోజునే వెతికి కాగితంమీద రాసిపెట్టుకోవాలి.

అపోహ: ఎస్ఎస్‌డీలో తిరిగే భాగాలు లేవు కాబట్టి అది చెడిపోదు.

వాస్తవం: పళ్లేలకు బదులు చిప్‌లలో డేటా దాచే ఎస్ఎస్‌డీ కింద పడితే తట్టుకుంటుంది, అంతవరకు నిజమే. కానీ దాన్ని నడిపించే కంట్రోలర్ చిప్ చెడినప్పుడు చప్పుడు లేకుండా, హెచ్చరిక లేకుండా ఒక్కసారిగా మాయమవుతుంది. ఫైలు చెరిపేశాక ట్రిమ్ అనే ఆదేశం ఆ స్థలాన్ని ఖాళీ చేయించేస్తుంది కాబట్టి హార్డ్ డిస్క్‌లో ఉండే రికవరీ ఆశ ఇక్కడ చాలా తక్కువ. రాసే సామర్థ్యం పూర్తిగా వాడేసిన ఎస్ఎస్‌డీ కరెంటు లేకుండా 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఒక ఏడాదిపాటు డేటాను నిలుపుకుంటే చాలన్నది చిప్‌ల పరిశ్రమకు ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ ప్రమాణం. బాగా వాడిన ఎస్ఎస్‌డీలో పాత ఫొటోలు ఎక్కించి ఏళ్ల తరబడి బీరువాలో పెట్టడం మంచి ఆలోచన కాదు.

అపోహ: అన్నీ క్లౌడ్‌లో, ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉన్నాయి; బ్యాకప్ ఉన్నట్టే.

వాస్తవం: గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ వంటివి ప్రధానంగా చేసేది సింక్. ఇక్కడ చెరిపితే అక్కడా చెరుగుతుంది, ఇక్కడ పాడైతే పాడైన ఫైలే పైకి వెళుతుంది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో పడినది 30 రోజుల తరవాత శాశ్వతంగా పోతుంది. ఇంకో మెలిక కూడా ఉంది: వన్‌డ్రైవ్‌లో మేఘం గుర్తుతో కనిపించే ఫైళ్లు నిజానికి మీ డిస్క్‌లో ఉండవు, ఆ డిస్క్‌కు నకలు తీసి అన్నీ వచ్చాయనుకుంటే పొరపాటు.

ఎక్స్‌టర్నల్ డిస్క్ విషయంలో నేను అన్నిటికన్నా ఎక్కువగా చూసేది మరో రకం భ్రమ. కంప్యూటర్‌లో చోటు చాలక ఫైళ్లను ఎక్స్‌టర్నల్ డిస్క్‌కు తరలించి, ఇక్కడ చెరిపేసి, దాన్నే బ్యాకప్ అంటారు. ఫైలు ఇల్లు మారింది తప్ప రెండో ప్రతి పుట్టలేదు. ఎప్పుడూ తగిలించే ఉంచిన డిస్క్‌కూ రక్షణ తక్కువే. 2017 మేలో వ్యాపించిన వానాక్రై వంటి రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) ఆ సమయానికి తగిలించి ఉన్న డ్రైవ్‌లన్నిటినీ తాళం వేసేస్తుంది. రెయిడ్ పద్ధతిలో ఒకే డేటాను రెండింటిలోనూ రాసుకునే జంట డిస్క్‌లు కూడా ఒక డిస్క్ చెడితే ఆదుకుంటాయి కానీ, మీరే చెరిపేసిన ఫైలును రెండూ కలిసి శ్రద్ధగా చెరిపేస్తాయి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి వేరే చోట అన్న పాత నియమానికి ఇంతవరకూ మెరుగైన ప్రత్యామ్నాయం నేను చూడలేదు. ఇంటి అవసరానికి అది కంప్యూటర్‌లో ఒకటి, పని అయ్యాక ఊడదీసే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒకటి, పాత వెర్షన్లను దాచే క్లౌడ్ బ్యాకప్‌లో ఒకటి.

అపోహ: బ్యాకప్ ప్రతివారం తనంతట తానే జరిగిపోతోంది, చూడనక్కరలేదు.

వాస్తవం: 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్‌ను ఆన్‌లైన్‌లో భద్రపరిచే గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు ఒక సర్వర్ అనుకుని మరో సర్వర్‌లో డేటాబేస్ ఫోల్డర్‌ను చెరిపేశారు. రోజువారీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వెర్షన్ సరిపోలక ఎప్పటినుంచో విఫలమవుతోందని, ఆ సంగతి చెప్పే మెయిళ్లు తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదని అప్పుడే తెలిసింది. వేరే పనికోసం సుమారు 6 గంటల ముందు తీసిన ఒక నకలు ఉండబట్టి మిగిలింది దక్కింది. నిపుణులున్న సంస్థలోనే ఇలా జరిగినప్పుడు, ఇంట్లో మూలన మెరిసే చిన్న దీపాన్ని చూసి బ్యాకప్ అయిపోయిందనుకోవడం తగదు.

కొన్ని నెలలకోసారి బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. ఫైళ్ల పేర్లు కనిపిస్తే సరిపోదు. ఒక పాత ఫొటో, ఒక పెద్ద వీడియో, ఈ వారంలో మార్చిన ఒక డాక్యుమెంటు పూర్తిగా తెరుచుకోవాలి. బ్యాకప్‌కు పాస్‌వర్డు పెట్టి ఉంటే, ఆ పాస్‌వర్డు ఈ కంప్యూటర్‌లో తప్ప మరెక్కడా లేని పరిస్థితి ఉందేమో కూడా అప్పుడే చూసుకోవాలి.